షార్ట్ లెగ్‌లో మూసుకున్న కళ్ళు

మా టీంలో గుండె ధైర్యం ఎవరికెక్కువ అని మార్కాపురంలో ఎవరినడిగినా మస్తానయ్య పేరే చెబుతారు. బ్యాటు పట్టినవాడికి రెండు బారల దూరంలో మోకాళ్ళు వంచి నిలబడతాడు కదా, అంత దగ్గర ఇంకెవడు నిలబడగలడు అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. మస్తానయ్య అంత భయస్థుణ్ణి నేను నా సర్వీసులో చూడలేదు. నా సర్వీసు అంటే ఆర్టీసీలో కండక్టరు పని. భయపడేవాళ్ళనీ, టిక్కెట్టు తీసుకోకుండా ధైర్యం నటించేవాళ్ళనీ రోజూ చూస్తూనే ఉంటాను.

ఈ సంగతి చాలాకాలం మా ఇద్దరికే తెలుసు. నేను వికెట్ కీపర్ని కాబట్టి తెలిసింది. కుడిచేతివాడు బ్యాటింగ్ చేస్తుంటే షార్ట్ లెగ్‌లో నిలబడ్డవాడు నాకు ఎడమవైపున కాస్త ముందుగా ఉంటాడు. స్పిన్నర్ వేసిన బంతి బ్యాటుకో ప్యాడుకో తగిలి పైకి లేస్తే పట్టడం వాడి పని. బ్యాట్స్‌మన్ బలం పెట్టి ఊపాడంటే మాత్రం పట్టేదేమీ ఉండదు, తప్పుకోవడమే. తప్పుకోవాలంటే బంతిని చూడాలి. మస్తానయ్య చూడడు. బ్యాటు శబ్దం కావడం ఆలస్యం, ముఖం గబుక్కున కుడి భుజం వైపు తిప్పుకుని రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంటాడు. ఆ కుడివైపు ఉన్నది నేనే. అంటే బంతి బంతికీ ఆ మూసుకున్న కళ్ళు నా ముఖంలోకే వచ్చేవి. ఎడమ చెవీ, దాని వెనక మెడా బ్యాటుకి అప్పగించేసి నిలబడేవాడు.

అసలు అక్కడికి ఎలా వచ్చాడో చెప్పాలి. మస్తానయ్య పలకల ఫ్యాక్టరీలో రాయి చీల్చే పని చేస్తాడు. పొట్టి మనిషి. బ్యాటింగ్ రాదు, బౌలింగ్ రాదు, బౌండరీ దగ్గర్నుంచి విసిరితే బంతి నా దాకా చేరకముందే అలసిపోతుంది. ఆరేళ్ళ క్రితం కంభంలో మ్యాచ్‌కి ఒక మనిషి తక్కువైతే, చూడ్డానికి టెంపో ఎక్కి వచ్చిన ఇతన్ని మా కెప్టెన్ ప్రభాకరరావు తెల్లచొక్కా తొడిగి షార్ట్ లెగ్‌లో నిలబెట్టాడు. పొట్టివాడు, ఎవరి చూపుకీ అడ్డం రాడు అన్నదే లెక్క. మొదటి ఓవర్లోనే బంతి ప్యాడుకి తగిలి లేచింది. మస్తానయ్య భయంతో రెండు చేతులూ కడుపుకి అదుముకున్నాడు. బంతి వచ్చి ఆ చేతుల మధ్యే పడి ఆగిపోయింది. అందరూ వచ్చి ఎత్తుకునేదాకా తనకి సంగతే తెలియదు. ఆరోజు నుంచి ఆ చోటికి మస్తానయ్య స్థలం అని పేరు పడింది.

ఆయనకి ఎందుకిలా కళ్ళు మూతపడతాయో తెలుసుకుందామని ఒకరోజు డ్యూటీ దిగి ఫ్యాక్టరీకి వెళ్ళాను. రేకుల కింద వరసగా మనుషులు. మస్తానయ్య రాయిని కాళ్ళ మధ్య నిలువుగా పెట్టుకుని, అంచు మీద ఉలి ఆనించి, సుత్తితో కొడుతున్నాడు. దెబ్బ పడగానే ముఖం కుడివైపు తిరిగేది, కళ్ళు మూసుకునేవి. పెచ్చు ఒకటి చివ్వున లేచి చెంప పక్కనుంచి పోయేది. మళ్ళీ కళ్ళు తెరుచుకునేవి. మళ్ళీ దెబ్బ. ఊపిరి తీసుకున్నంత మామూలుగా జరిగిపోతోంది. ఎదురుగా ఆయన భార్య గురవమ్మ పలకలకి చెక్క చట్రాలు బిగిస్తోంది.

ఇది వాళ్ళ నాయన పిచ్చయ్య నేర్పిన విద్య. పెద్దాయన వయసంతా ఆ రేకుల కిందే గడిచింది. ఆయనతో పనిచేసినవాళ్ళలో ఒంటికన్ను వాళ్ళు చాలామంది ఉన్నారు. ఆయనకి మాత్రం రెండు కళ్ళూ నిక్షేపంలా ఉన్నాయి. కొడుకు ఉలి పట్టిన మొదటిరోజే పక్కన కూర్చుని, దెబ్బ దెబ్బకీ ముఖం తిప్పకపోతే వీపు మీద ఒకటిచ్చి నేర్పాడట. కళ్ళద్దాలు లేవా అంటే, ఉన్నాయి. యజమాని కొనిచ్చినవి మేకుకి వేలాడుతున్నాయి. దుమ్మూ చెమటా పట్టి రాతి మీద చీల్చాల్సిన గీత కనపడదని ఎవరూ పెట్టుకోరు.

అక్కడ కన్ను కాపాడే అలవాటు ఇక్కడ మెడ తీసేదిగా ఉంది. ఆ సంగతి మస్తానయ్యకి నేను చెప్పక్కర్లేకుండానే తెలుసు. నీళ్ళ విరామంలో నా పక్కన కూర్చుని ఒకసారి తానే చెప్పుకున్నాడు.

"నేను ముయ్యట్లేదన్నా. శబ్దం ఇనపడంగానే అయే మూతపడతన్నాయి. ఆపుదామని ఎంత జూసినా నా మాట ఇనవు."

అట్లయితే అక్కడ నిలబడకు, నేను ప్రభాకరరావుతో మాట్లాడతాను అన్నాను. మస్తానయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆడ నిలబడకపోతే నన్ను టీంలోకి ఎవురు రానిస్తారన్నా? ఫ్యాక్టరీలో నన్ను ఓయ్ అంటారు. ఈడ మస్తానయ్యా అని పేరు పెట్టి పిలుస్తారు."

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. అప్పటినుంచి నాకు ఆట ఆటలా లేదు. ఆదివారం చర్చిలో ప్రార్థన ముగిసేదాకా టీం నాకోసం ఆగుతుంది. నేను ఒక ప్రార్థన ముగించి వచ్చి గ్రౌండులో ఇంకొకటి మొదలుపెట్టేవాణ్ణి. ప్రభువా, ఈ బంతి ఒక్కటీ దాటించు. ఓవరుకి ఆరుసార్లు అదే ప్రార్థన. ఎడమవైపునుంచి మస్తానయ్య తన దేవుణ్ణి గొణుక్కోవడం వినపడేది. బయటినుంచి చూసేవాళ్ళేమో మస్తాన్ చూడరా ఎట్ల కదలకుండా నిలబడ్డాడో అని చప్పట్లు కొట్టేవాళ్ళు. కదలకుండా నిలబడక ఏం చేస్తాడు, కాళ్ళు బిగుసుకుపోతే.

పోయిన వేసవిలో కంభం గ్రౌండులో మా మ్యాచ్‌కి ముందు వేరే రెండు టీంలు ఆడుతున్నాయి. దగ్గరగా నిలబడ్డ ఒకతను దెబ్బ తప్పించుకుందామని పక్కకి తిరిగాడు. బంతి చెవి వెనక తగిలింది. అరవలేదు, చెయ్యి కూడా ఎత్తలేదు, నిలబడ్డవాడు నిలబడ్డట్టే ముందుకి పడిపోయాడు. ఆటోలో వేసి తీసుకుపోయారు. బతికాడని తర్వాత తెలిసింది. కానీ ఆ మెడ వాలిన తీరు చూసినప్పుడు నా పక్కన ఉన్న మస్తానయ్య తన ఎడమ చెవి వెనక్కి చెయ్యి పోనిచ్చుకున్నాడు. చాలాసేపు ఆ చెయ్యి తియ్యలేదు.

ఆరోజే ప్రభాకరరావు మీద పడ్డాను. మాకున్న రెండు హెల్మెట్లూ ఎదుటి టీం బ్యాటింగుకి అరువిచ్చేవాళ్ళం, వాళ్ళకీ ఉండవు కాబట్టి. ఈ చుట్టుపక్కల అదే పద్ధతి. అంటే బ్యాటు చేతిలో ఉన్నవాడికి రక్షణ, దాని ముందు ఉత్త చేతులతో నిలబడ్డవాడికి దేవుడు. నేను గట్టిగా అరిచేసరికి ప్రభాకరరావు కాస్త బెదిరాడు. ఎరువుల దుకాణం మనిషి, అరిచేవాళ్ళని సర్దిచెప్పి పంపడం అలవాటు. కానీ ఆ పడిపోయినతన్ని తనూ చూశాడు. విజయవాడ వెళ్ళి కిట్టు పట్టుకొచ్చాడు.

దుకాణం అరుగు మీద అన్నీ పరిచి, పెళ్ళిచీరలు చూపినట్టు ఒక్కోటీ ఎత్తి చూపించాడు. కీపర్‌కి కొత్త గ్లవ్స్, ప్యాడ్స్. స్లిప్‌లో నిలబడేవాళ్ళు తమకేమని అడిగితే, మీకు దేవుడిచ్చిన అరచేతులున్నాయిగా అన్నాడు. గ్లవ్స్ కీపర్‌కి తప్ప ఎవరికీ ఒప్పుకోరు. బౌండరీ దగ్గరవాళ్ళకి మంచి బూట్లు చాలు, అక్కడి శత్రువు పల్లేరుకాయలే. ఇక మిగిలిందంతా మస్తానయ్యకి. ముందర ఇనుపకడ్డీల జాలీ ఉన్న హెల్మెట్, ఛాతీకి కట్టుకునే మెత్త, నడుము కింద పెట్టుకునే గార్డు, మోకాలి కింద ఎముకకి పలచటి చిప్పలు. ఆ చిప్పలు పైకి కనపడకూడదు, ప్యాంటు లోపలే కట్టుకోవాలి. కీపర్‌కి తప్ప ఇంకొకరికి పైన ప్యాడ్లు నిబంధన ప్రకారం కుదరవు. మస్తానయ్య తెల్లప్యాంటు ఉన్నదే బిగుతు. ఇంటికి తీసుకుపోయి కుట్లు వదులు చేయించుకొస్తానన్నాడు.

అందరూ ఇక భయం లేదన్నారు. నాకు మాత్రం అప్పుడే అసలు భయం పట్టుకుంది. ఆ సరంజామా అంతా ముందరివైపుకి. మస్తానయ్య బంతికి చూపించేదేమో వెనకవైపు.

మరుసటి రోజు గురవమ్మ మా బస్సెక్కింది. త్రిపురాంతకంలో చుట్టాలింటికి పోతోంది. బస్సు ఖాళీగా ఉంది. టిక్కెట్టిస్తుంటే, అన్నా, ఆయన ఇంటికి తెచ్చిన టోపీ నేను చూసినా అంది. ముందర ఇనుముందీ, పైన గట్టిగుందీ, చెవి ఎనక మాత్రం ఏమీ లేదే అంది. దెబ్బ ముందునుంచే వస్తుంది కదమ్మా అన్నాను. ఆమె నా ముఖం వైపు చూస్తూనే ఉంది. రోజూ ఆయనకెదురుగా కూర్చుని పని చేసే మనిషి, ఆమె దగ్గర ఏం దాగుతుంది.

"ఆడగూడా మొగం తిప్పుతాడా?" అంది.

నేను టిక్కెట్టు మిషన్ వైపు చూశాను. నా మాట నేను తప్పలేదు, నోరు విప్పలేదు. కానీ ఆమెకి ఆ మౌనమే చాలింది. త్రిపురాంతకం దాకా సీటు కడ్డీ పట్టుకున్న చెయ్యి వదల్లేదు. అక్కడ దిగకుండా అదే బస్సులో వెనక్కి వచ్చేసింది.

ఆ సాయంత్రం నుంచే మొదలుపెట్టింది. మస్తానయ్యని వాకిట్లో పీట మీద కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొట్టేది. కొట్టినప్పుడు కళ్ళు తెరిచి ఉంచాలి. మొదట్లో ఆయనవల్ల కాలేదు. శబ్దం కాగానే ముఖం పోయేది. ఆమె గడ్డం పట్టుకుని మళ్ళీ ముందుకి తిప్పేది. ఇరుగుపొరుగు వాళ్ళు మొగుణ్ణి బడికేసిందని నవ్వారు. ఒకసారి నేను వెళ్ళేసరికి ఆయన కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి, ఆమె కొడుతూనే ఉంది. ఇంతగా ఎందుకమ్మా, ఆట మానిపించరాదా అన్నాను. మాన్పిస్తే మనిషిక నవ్వడన్నా అంది. తర్వాత పాతగుడ్డ ఉండచుట్టి పళ్ళెం మోగిన మరుక్షణం ముఖం మీదికి విసరడం నేర్చింది. రానురాను రెప్ప కొట్టుకోవడం తగ్గింది. చివరికి గుడ్డ ఉండ ముక్కు దాకా వస్తున్నా చూస్తూ, చివరి క్షణంలో తల వంచి తప్పించుకునేవాడు.

ఇదంతా పిచ్చయ్య మామ నులకమంచం మీద కూర్చుని చూసేవాడు. గిద్దలూరులో టోర్నమెంటు ఫైనల్‌కి పోయే రోజు పొద్దున నేను టెంపో దిగి మస్తానయ్యని పిలవడానికి వెళ్తే, నన్ను మంచం దగ్గరికి రమ్మన్నాడు.

"ప్రకాశరావూ, ఇది గ్రౌండు, ఇది ఫ్యాక్టరీ అని రెప్పకు తెలుస్తాదా నాయనా?"

లోపలినుంచి మస్తానయ్య హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చాడు. టెంపోవాడు హారన్ కొడుతున్నాడు. వెళ్ళిపోయాం.

గిద్దలూరులో మా ఎదురు యర్రగొండపాలెం టీం. వాళ్ళలో పవన్ కుమార్ అని ఒకడున్నాడు, స్పిన్నర్ కనపడితే చాలు మోకాలి మీద కూర్చుని ఎడాపెడా ఊడ్చేస్తాడు. వాడు ఊడ్చే వైపే మస్తానయ్య ఉండేది. వాడు క్రీజులోకి వచ్చి, స్టంపుల ముందు బ్యాటు ఆనించి గార్డు తీసుకుంటున్నాడు. షార్ట్ లెగ్ తీసెయ్ అని ప్రభాకరరావుకి సైగ చేశాను. కెప్టెన్ అటు తిరిగి ఫీల్డర్లని సర్దుకుంటున్నాడు. మస్తానయ్య హెల్మెట్ బిగించుకుని వంగాడు. దీంట్లో నా ఊపిరే నాకు గాలివానలాగుందన్నా, బ్యాటు శబ్దం ఇనపడేట్టు లేదు అన్నాడు. ఆ మాటతో నాకు ఉన్న కాస్త ధైర్యమూ పోయింది.

మొదటి బంతి పవన్ కుమార్ మెల్లగా తోశాడు. నేను బంతిని చూడాల్సింది పోయి మస్తానయ్యని చూశాను. ఎన్నో ఏళ్ళుగా నా వైపు తిరిగే ముఖం ఈసారి తిరగలేదు. జాలీ వెనక కుడికన్ను తెరిచి ఉంది. నాకు వింతగా, ఎవరో కొత్త మనిషి పక్కన నిలబడ్డట్టు అనిపించింది.

మూడో బంతికో నాలుగో బంతికో వాడు మోకాలి మీద కూర్చున్నాడు. ఊపు మొదలవడం చూశాను. నా గొంతులో మస్తానూ అన్న పిలుపు సగంలో ఉండగానే బ్యాటు పగిలిన చప్పుడు లాంటిది వినపడింది. మస్తానయ్య ముఖం తిప్పలేదు. చూస్తూ తల వంచబోయాడు. సగం వంచేలోపే బంతి హెల్మెట్ ముందు అంచుకి తగిలి నిట్టనిలువుగా పైకి లేచింది. ఎక్కడ పడుతుందో చూడకుండానే చేతులు చాచాను, గ్లవ్స్‌లో పడింది. హెల్మెట్ మీదనుంచి వచ్చిందైనా ఇప్పటి నిబంధనల్లో అది ఔటే. టీమంతా నా మీదికి ఉరికొచ్చింది. నేను బంతి పారేసి మస్తానయ్య దగ్గరికి పరిగెత్తాను. జాలీ కడ్డీ ఒకటి లోపలికి వంగి ఉంది. ముఖం తిప్పి ఉంటే ఆ బంతికి అడ్డంగా ఉండేది చెవి వెనకభాగం. నేను అక్కడే కూర్చుండిపోయాను.

"చూసినానన్నా," అన్నాడు జాలీ లోపలినుంచి. "అది వస్తా ఉండగా చూసినా. ఎర్రగా, ఇంత పెద్దగా."

కప్పు గెలిచాం. తిరుగు ప్రయాణంలో కప్పు మస్తానయ్య ఒళ్ళోనే పెట్టారు. కంభం చెరువు పక్కగా వస్తుంటే అందరూ పాటలు పాడారు, మస్తానయ్య మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. పొద్దున పెద్దాయన అన్న మాట నాకు గుర్తొచ్చింది. చెబుదామనుకుని, ఆ ముఖం చూసి నేనూ పాటలో గొంతు కలిపాను.

ఆ గురువారం నేను డోర్నాల రూటులో ఉండగా గురవమ్మ ఫోన్ చేసింది. మాటలు రావడం లేదు, అన్నా అన్నా అంటోంది, అంతే. జరిగింది తర్వాత చెప్పింది. ఫ్యాక్టరీలో ఎప్పటిలా ఎదురెదురుగా కూర్చుని పని చేసుకుంటున్నారు. ఆయన సుత్తి ఎత్తాడు. దెబ్బ పడింది. ముఖం తిరగలేదు. కళ్ళు తెరుచుకుని, ఆమె వాకిట్లో నేర్పినట్టే, తెరుచుకుని చూస్తున్నాయట. పెచ్చు వచ్చి ఎడమకంట్లో దిగింది. ఆమె చూస్తూనే ఉంది.

ఒంగోలులో కంటి ఆసుపత్రికి తీసుకుపోయాం. పెచ్చు తీశారు, కట్టు కట్టారు. చూపు ఉంటుందా పోతుందా అంటే కట్టు విప్పాకే చెప్పగలం అన్నారు. వరండాలో బల్ల మీద గురవమ్మ తన కుడిచెయ్యి వైపే చూసుకుంటూ కూర్చుంది, గరిటె పట్టుకున్న చెయ్యి.

"వాళ్ళ నాయన పెట్టిన కాపలాను నా చేత్తో నేనే తీసేసినా," అంది.

మెడ కాపాడావు కదమ్మా అని చెప్పాను. నిజమే చెప్పాను. అది ఆమె చెవికి ఎక్కినట్టు లేదు. పిచ్చయ్య మామ ఆ మూల గోడకానుకుని కూర్చున్నాడు. తన రెండు కళ్ళూ మూసుకుని కూర్చున్నాడు, అంతే.

కట్టు విప్పారు. వెలుగు తెలుస్తోంది, ఎదుట మనిషి ఉన్నట్టు తెలుస్తోంది, ముఖం తెలియడం లేదు. మెల్లగా ఇంకాస్త రావచ్చు అన్నారు. ఆ కంటి మీద ఆకుపచ్చ గుడ్డ వేసి ఇంటికి పంపారు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ నేను పలకరించడానికి వెళ్ళినప్పుడు మస్తానయ్య ఇంకో సంగతి చెప్పాడు.

"కన్ను వస్తే వస్తాదన్నా. రెప్ప రాలేదు. ముయ్యాలి అని నేననుకునే లోపల శబ్దం అయిపోతాది."

అప్పుడే గురవమ్మ పళ్ళెం పట్టుకొచ్చింది. ఇప్పుడు తలకిందులుగా నేర్పుతోంది. పళ్ళెం మోగుతోంది, మూయి అంటోంది ఆమె, ఆయన మూస్తున్నాడు, కానీ శబ్దం పోయాక. మళ్ళీ మోగుతోంది. మళ్ళీ ఆలస్యమే. మనిషి అనుకుని చేసే పని కాదు కదా అది. ఆ ఒక్క మంచి కన్నూ గరిటె వైపు తెరుచుకుని ఉండడం చూస్తూ నేను వాకిట్లో నిలబడలేకపోయాను. ఫ్యాక్టరీకి పోకుండా ఎన్నాళ్ళుంటాడు. ఇంకో పని రాదు. గురవమ్మ మేకునుంచి కళ్ళద్దాలు తెచ్చి సబ్బుతో కడిగి పెట్టింది. కాసేపటికోసారి దుమ్ము తుడవడానికి తియ్యాల్సిందే. తీసినప్పుడు పక్కవాడి రాయినుంచి పెచ్చు రాదని ఎవరు చెప్పగలరు. సోమవారం నుంచి పనిలోకి వస్తానని యజమానికి చెప్పేశాడు.

ఆ ముందు ఆదివారం మా గ్రౌండులోనే మ్యాచ్. నేను ప్రార్థన ముగించుకుని వచ్చేసరికి మస్తానయ్య స్కోరర్ బల్ల పక్కన, లెగ్ సైడున, కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆకుపచ్చ గుడ్డ, పక్కన తండ్రి, వెనక భార్య. గ్రౌండు చిన్నది, నాకు బాగానే కనపడుతున్నారు. షార్ట్ లెగ్ ఖాళీగా ఉంది. ప్రభాకరరావు హెల్మెట్ పట్టుకుని ఒక్కొక్కరి ముఖం చూశాడు, ఒక్కొక్కరూ బూటు తాడు కట్టుకోవడానికి వంగారు. సరే వద్దులే అన్నాడు.

స్పిన్నర్ వచ్చాడు. బ్యాట్స్‌మన్ గట్టిగా కొట్టాడు, టక్కుమని మోగింది. నేను అలవాటు ప్రకారం ఎడమవైపు చూశాను. ఖాళీ చోటు. ఆ చోటు వెనక దూరంగా కుర్చీలో మస్తానయ్య కనపడ్డాడు. ముఖం కుడి భుజం వైపు ఉంది.

పిల్లలెవరో పిలిస్తే తిరిగాడేమో అనుకున్నాను. తర్వాతి బంతికి కావాలని చూశాను. బ్యాటు మోగింది. ముఖం గబుక్కున తిరిగింది. అంత దూరంనుంచి కన్ను కనపడదు, కానీ ఆయన దగ్గర ముఖమూ రెప్పా ఒకే తలుపుకి రెండు రెక్కలు. అది తిరిగిందంటే ఇది మూసుకున్నట్టే. గురవమ్మ కుర్చీ వెనకనుంచి ముందుకి వచ్చి వంగి ఆయన ముఖంలోకి చూస్తోంది. ఆమెకీ తెలిసిపోయిందన్నమాట. ఇన్నాళ్ళూ ఏ భయాన్ని చూసి నేను వణికానో అదే భయం తిరిగి వచ్చింది, నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. పిచ్చయ్య మామ కుర్చీ చెయ్యి మీద కొడుకు చేతిని పట్టుకుని ఉన్నాడు.

మూడో బంతి వచ్చింది కాబోలు. అది నా కాళ్ళ మధ్యనుంచి బౌండరీకి పోయాక తెలిసింది. ప్రభాకరరావు అక్కణ్ణుంచి ఎటు చూస్తున్నావయ్యా ప్రకాశరావూ అని అరిచాడు. ఆ నాలుగు పరుగులూ నా పేరు మీదే పడ్డాయి. పడనీ అనుకుని మళ్ళీ వంగాను.